37 రోజుల్లో మహాయుద్ధం: భయం ఎవరిది, ఖర్చు ఎవరిది

పోటీ పరీక్షలకు చదివే ఎవరినైనా మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం ఏమిటని అడిగితే జవాబు ఠక్కున వస్తుంది: 1914 జూన్ 28న సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య. బిట్టు ప్రశ్నకు అది చాలు, మార్కు పడుతుంది. పేచీ అంతా ఆ 'తక్షణ' అన్న మాటతోనే. హత్య జరిగింది జూన్ 28న, బ్రిటన్ యుద్ధంలోకి దిగింది ఆగస్టు 4న. మధ్యలో 37 రోజులున్నాయి. రాజధానుల మధ్య టెలిగ్రాములు గంటల్లో చేరుతున్న కాలంలో అదేమీ చిన్న వ్యవధి కాదు. అందులో దాదాపు మూడు వారాలు జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ నార్వే తీరంలో ఓడ షికారులో ఉన్నాడు. యువరాజు చావుకు ఆస్ట్రియా రాజధాని వియన్నాలోనే పెద్దగా కన్నీళ్లు కారలేదు. ఆయనంటే సొంత దర్బారులో చాలామందికి పడదు.

కాబట్టి హత్య ఎలా జరిగిందన్న దానికన్నా, ఆ 37 రోజుల్లో ఎవరు దేనికి భయపడ్డారన్నది పెద్ద ప్రశ్న.

హత్య సంగతి మాత్రం క్లుప్తంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని చుట్టూ కట్టుకథలు చాలా ఉన్నాయి. ఆ రోజు ఉదయం మొదట బాంబు విసిరినవాడు హంతకుల ముఠాలోని చాబ్రినోవిచ్. బాంబు యువరాజు కారును తప్పించుకుని వెనక కారు కింద పేలింది. అతను సైనైడ్ మింగి నదిలోకి దూకాడు. సైనైడ్ పని చేయలేదు, వేసవి కావడంతో నదిలో నీళ్లూ పెద్దగా లేవు. దొరికిపోయాడు. యువరాజు టౌన్‌హాల్‌కు వెళ్లి, అక్కడి నుంచి గాయపడినవాళ్లను చూడటానికి ఆసుపత్రికి బయల్దేరాడు. దారి మార్చిన సంగతి డ్రైవర్‌కు ఎవరూ చెప్పలేదు. అతను పాత దారిలోనే మలుపు తిప్పాడు, తప్పు దారి అని గవర్నర్ అరిచాడు, కారు ఆగింది. ఆగిన చోటికి నాలుగడుగుల్లో అదే ముఠాలోని 19 ఏళ్ల బోస్నియా సెర్బు యువకుడు గవ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. రెండే తూటాలు. ఒకటి యువరాజుకు, ఒకటి భార్య సోఫీకి. ప్రిన్సిప్ ఆ సమయంలో శాండ్‌విచ్ కొనుక్కుంటున్నాడని సోషల్ మీడియాలో తిరిగే కథకు ఆధారం లేదు.

అంత పెద్ద యుద్ధం ఒక తప్పు మలుపు వల్ల వచ్చిందని చెప్పుకోవడం వినడానికి బాగుంటుంది. కానీ అంతకుముందు పదేళ్లలో యూరప్ ఇలాంటి గండాలు మూడు నాలుగు దాటేసింది. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకున్నప్పుడు యుద్ధం రాలేదు. మొరాకో కోసం ఫ్రాన్స్, జర్మనీ రెండుసార్లు కళ్లెర్రజేసుకున్నా రాలేదు. 1912, 1913లో యూరప్ ఆగ్నేయ మూలనున్న బాల్కన్‌లో నిజంగానే యుద్ధాలు జరిగినా పెద్ద రాజ్యాలు దూకలేదు. మరి 1914లో ఎందుకు దూకాయి?

ఆలస్యం అమృతం విషం

పాఠ్యపుస్తకం చెప్పే ఇంకో కారణం కూటములు. ఒకవైపు జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ. మరోవైపు ఫ్రాన్స్, రష్యా, బ్రిటన్. ఒకరు కదిలితే అందరూ కదలక తప్పని గొలుసు అన్నట్టు బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తారు. ఆ గొలుసు నిజంగా అంత గట్టిదైతే ఇటలీ 1914లో ఆస్ట్రియా పక్షాన దిగి ఉండాలి. దిగలేదు. తటస్థంగా కూర్చుని, 1915లో ఎదుటి పక్షంలో చేరింది. బ్రిటన్‌కైతే ఫ్రాన్స్ కోసం యుద్ధం చేసి తీరాలన్న సంతకం కూడా లేదు. ఒప్పందాలు ఎవరినీ మెడపట్టి లాగలేదు. ఎవరికి వాళ్లే లెక్కలు వేసుకుని దిగారు. ఆ లెక్కలన్నిటి అడుగున ఉన్నది ఒకటే నమ్మకం: ఇప్పుడైతే తట్టుకోగలం, ఇంకో మూడేళ్లు ఆగితే మన పని అయిపోతుంది.

ఆస్ట్రియా భయం సెర్బియా. బాల్కన్ యుద్ధాలతో సెర్బియా విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. పదకొండు పన్నెండు జాతులను ఒకే గొడుగు కింద పెట్టుకున్న ముసలి సామ్రాజ్యానికి, పక్కనే ఒక స్లావు రాజ్యం ఎదగడం సొంత ఇంట్లో నిప్పు రాజుకోవడంలాంటిది. జర్మనీ భయం రష్యా. ఫ్రాన్స్ అప్పుతో రష్యా రైలు మార్గాలు వేస్తోంది, సైన్యం పెంచుతోంది, ఆ కార్యక్రమం 1917కల్లా పూర్తవుతుంది. యుద్ధం ఎలాగూ తప్పదనుకుంటే 1917 కంటే 1914 మేలని బెర్లిన్ సేనానులు బాహాటంగానే అనుకున్నారు. రష్యా భయం పరువు. 1905లో జపాన్ చేతిలో ఓడింది, 1908లో బోస్నియా విషయంలో తల దించుకుంది, ఇంకోసారి సెర్బియాను వదిలేస్తే బాల్కన్‌లో తన మాట వినేవాడుండడు. ఫ్రాన్స్ జనాభా 4 కోట్లు, జర్మనీది 6.5 కోట్లు. రష్యా తోడు లేకపోతే ఫ్రాన్స్ ఒంటరి. బ్రిటన్‌కు జర్మనీ నౌకాదళం కంట్లో నలుసు, బెల్జియం తీరం జర్మనీ చేతికి పోవడం అంతకంటే పెద్ద బెంగ.

జులై 5న ఆస్ట్రియా దూత బెర్లిన్ వెళ్లినప్పుడు కైజర్ ఇచ్చిన హామీని చరిత్రకారులు ఖాళీ చెక్కు అంటారు. మీరేం చేసినా మీ వెనక మేమున్నామన్నది దాని సారం. ఆ చెక్కు జేబులో పెట్టుకుని, హత్య వెనక సెర్బియా హస్తం ఉందంటూ ఆస్ట్రియా జులై 23న ఆ దేశానికి 48 గంటల గడువుతో అల్టిమేటం పంపింది. ఒప్పుకోవద్దన్న ఉద్దేశంతోనే రాసిన షరతులవి. సెర్బియా దాదాపు అన్నిటికీ తలూపింది. తమ గడ్డ మీద హత్య విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొంటామన్న ఒక్కదానికి మాత్రం ఒప్పుకోలేదు. షికారు నుంచి తిరిగొచ్చిన కైజర్ జులై 28న ఆ జవాబు చదివి, ఇక యుద్ధానికి కారణమే లేదని దాని మీద రాశాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించేసింది. అదీ టెలిగ్రాంలో. చెక్కు ఇచ్చినవాడు వద్దనుకునేలోపే బ్యాంకులో డ్రా అయిపోయింది.

ఇక్కడి నుంచి కథ మంత్రుల చేతుల్లోంచి రైల్వే టైమ్‌టేబుల్ చేతుల్లోకి వెళ్లింది. రష్యా దేశం పెద్దది, రైళ్లు తక్కువ, సైన్యాన్ని కూడగట్టడానికి వారాలు పడుతుంది. అందుకే ముందుగా మొదలుపెట్టాలనుకుంది. జర్మనీ పథకం మొత్తం రష్యా నెమ్మదితనం మీదే కట్టారు: ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను పడగొట్టి, రష్యా తయారయ్యేలోపు సైన్యాన్ని తూర్పుకు మళ్లించాలి. రష్యా ఒక రోజు ముందు కదిలితే జర్మనీకి ఒక రోజు తగ్గినట్టే. జులై 30న రష్యా చక్రవర్తి జార్ నికొలస్ పూర్తి సైన్య సమీకరణకు సంతకం పెట్టాడు. కైజర్, జార్ బంధువులు. ఇద్దరి మధ్య ఆ రోజుల్లో ఇంగ్లిష్‌లో టెలిగ్రాములు నడిచాయి, ఒకాయన విల్లీ అని, ఇంకొకాయన నిక్కీ అని సంతకాలు పెట్టుకుంటూ. చుట్టరికం పనికి రాలేదు.

ఆగస్టు 1 సాయంత్రం బెర్లిన్ కోటలో జరిగింది దగ్గరగా చూడాల్సిన సంగతి. రష్యా మీద యుద్ధ ప్రకటన అయిపోయింది. అంతలో లండన్‌లోని జర్మనీ రాయబారి నుంచి టెలిగ్రాం: ఫ్రాన్స్ జోలికి వెళ్లకపోతే బ్రిటన్ పక్కకు తప్పుకునే అవకాశం ఉందని. కైజర్ పొంగిపోయి, సేనాధిపతి మోల్ట్కేను పిలిచి, సైన్యమంతా తూర్పుకే నడిపించమన్నాడు. కుదరదన్నాడు మోల్ట్కే. లక్షలాది మందిని, గుర్రాలను, ఫిరంగులను, దాణాను పడమటికి చేర్చడానికి ఏడాది పొడవునా వేసిన ప్రణాళిక అది. సుమారు 11,000 రైళ్లు, 30 లక్షల మంది సైనికుల లెక్క. కొలోన్ దగ్గర రైన్ వంతెన మీద పది నిమిషాలకొక రైలు దాటాలి. దాన్ని రాత్రికి రాత్రి వెనక్కి తిప్పితే తూర్పుకు చేరేది సైన్యం కాదు, తిండి కూడా లేని గుంపు అని ఆయన వాదన. ఆ తర్వాత ఇంటికెళ్లి కంటతడి పెట్టుకున్నాడు. లండన్ టెలిగ్రాం అపార్థమని ఆ రాత్రే తేలింది, మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోమన్నాడు కైజర్. సైన్యం బెల్జియం మీదుగా ఫ్రాన్స్ వైపు కదిలింది, దాంతో బ్రిటన్ కూడా దిగింది. యుద్ధం తర్వాత ఆ రైల్వే విభాగంలో పనిచేసిన అధికారే, తిప్పమని ఉంటే తిప్పగలిగేవాళ్లమని చార్టులతో సహా రాసి చూపించాడు. నిజంగా కుదిరేదో లేదో గానీ, కుదరదని నమ్మినవాళ్ల చేతిలో ఆ సాయంత్రం యూరప్ ఉంది.

తప్పంతా ఒక్కరిదేనా? జర్మనీదీ దాని మిత్రులదేనని, యుద్ధం తర్వాత గెలిచినవాళ్లు రాసిన వర్సాయి ఒప్పందం చెప్పింది. 1960లలో ఫ్రిట్జ్ ఫిషర్ అనే జర్మన్ చరిత్రకారుడే దస్తావేజులు తవ్వి తప్పు ప్రధానంగా జర్మనీదేనన్నాడు, సొంత దేశంలో తిట్లు తిన్నాడు. తర్వాతివాళ్లు నిందను అందరికీ పంచారు. సాక్ష్యాలు చూస్తే వియన్నా, బెర్లిన్‌ల పాలు ఎక్కువే. ఆస్ట్రియా కావాలని యుద్ధం కోరుకుంది, జర్మనీ వద్దనకుండా ధైర్యం చెప్పింది. మిగతావాళ్లు ఆపడానికి సరిపడా ప్రయత్నించలేదు. ఈ రెండూ ఒకే రకం తప్పులు కావు.

పోయింది రాబట్టుకోవాలని

క్రిస్మస్‌కల్లా అయిపోతుందనుకున్న యుద్ధం నాలుగేళ్లు సాగడానికి కారణం కూడా కొంతవరకు రైలే. దాడి చేసేవాడు బురదలో, ముళ్లకంచెల్లో, మెషీన్‌గన్‌ల ముందు కాలినడకన వెళ్లాలి. కాచుకునేవాడికి వెనక నుంచి రైల్లో కొత్త సైన్యం దిగుతుంది. నడిచేవాడు గెలవడు. 1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది పడిపోయారు, అందులో చనిపోయినవాళ్లు 19,240 మంది. రాజీ పడదామని ఏ ప్రభుత్వమూ ధైర్యంగా అనలేకపోయింది. పేకాటలో సొమ్ము పోగొట్టుకున్నవాడు లేచి పోలేనట్టే ఇదీను. అప్పటికి పోయిన లక్షల ప్రాణాలకు లెక్క చెప్పాలంటే గెలిచి తీరాలి, గెలవాలంటే ఇంకో లక్ష మందిని పంపాలి. 1917లో రష్యా లోపలి నుంచే కూలింది, అమెరికా వచ్చి చేరింది, 1918 నవంబరు 11 ఉదయం 11 గంటలకు తుపాకులు ఆగాయి. సైనికులే 90 లక్షలకు పైగా చనిపోయారు. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, ఒట్టోమన్, నాలుగు సామ్రాజ్యాలు పటం నుంచి తుడిచిపెట్టుకుపోయాయి.

వర్సాయి ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1919 జూన్ 28న, సారాయెవో హత్యకు సరిగ్గా ఐదేళ్లకు. ఆ ఒప్పందం నుంచే హిట్లర్ పుట్టాడన్నది మళ్లీ ఒక మార్కు జవాబే. 1921లో జర్మనీ మీద 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం వేశారు, నిజమే. 1914లో డాలరుకు 4.2 మార్కులుంటే 1923 నవంబరుకు 4.2 లక్షల కోట్ల మార్కులయ్యాయి, అదీ నిజమే. కానీ ఆ మార్కు పతనానికి బీజం యుద్ధకాలంలోనే పడింది. గెలిచాక ఓడినవాళ్ల దగ్గర వసూలు చేసుకోవచ్చన్న ధీమాతో జర్మనీ పన్నులు పెంచకుండా అప్పులతో యుద్ధం నడిపింది. ఇంకో సంగతి, 1924 తర్వాత ఆ దేశం కోలుకుంది. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. 1929లో ప్రపంచ మాంద్యం వచ్చి కోట్లాది బతుకులు రోడ్డున పడ్డాక, 1932 జులైలో అదే పార్టీకి 37 శాతం పైన వచ్చాయి. ఒప్పందం కన్నా ప్రమాదకరమైనది ఆ యుద్ధం ముగిసిన తీరు. తుపాకులు ఆగేనాటికి పడమటి సరిహద్దులో శత్రు సైన్యం జర్మనీ గడ్డ మీద దాదాపు లేనట్టే. మన సైన్యం ఓడలేదు, ఇంటి దొంగలే వెన్నుపోటు పొడిచారన్న అబద్ధాన్ని జనం నమ్మడానికి ఆ దృశ్యం చాలు.

అడగకుండా తెచ్చిన యుద్ధం

1914 ఆగస్టులో భారతదేశం యుద్ధంలో ఉందని వైస్రాయ్ హార్డింజ్ ప్రకటించాడు. ఇక్కడి వాళ్లెవరినీ అడగలేదు. 13 లక్షల మందికి పైగా సైనికులు, కూలీలు ఈ దేశం నుంచి కదిలారు, 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. సైన్యానికి పనికొచ్చే 'వీర జాతులు' కొన్నే ఉంటాయన్న తెల్లదొరల సిద్ధాంతం వల్ల భర్తీ ఎక్కువగా పంజాబ్‌లో జరిగింది, తెలుగు జిల్లాల వాటా తక్కువ. అయినా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి యువకులు వెళ్లారు. ఆ ఊరిని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే అంటారు.

మద్రాసుకైతే యుద్ధం ఇంటికే వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక తీరానికి దగ్గరగా వచ్చింది. ఊళ్లో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, గురి చూసుకోవడానికి ఇబ్బందే లేదు. హార్బరు దగ్గరి చమురు ట్యాంకుల మీద వంద పైచిలుకు గుళ్లు పేల్చి, మంటలు లేవగానే చీకట్లో కలిసిపోయింది. జరిగిన నష్టం కన్నా పుట్టిన భయం ఎక్కువ. జనం మూటాముల్లె సర్దుకుని స్టేషన్ల మీద పడ్డారు. నవంబరులో ఆస్ట్రేలియా నౌక చేతిలో ఎమ్డెన్ నాశనమైంది. గడుసువాణ్ణి ఎమ్డెన్ అనడం మాత్రం తమిళంలో, మలయాళంలో మిగిలిపోయింది.

అసలు దెబ్బ తగిలింది సంతలో. ఓడలన్నీ యుద్ధం పనికి పోయాయి. గుడ్డ, కిరసనాయిలు, ఉప్పు ధరలు పైకి లేచాయి. 1914తో పోలిస్తే 1920 నాటికి దేశంలో ధరలు దాదాపు రెట్టింపు. బర్మా బియ్యం సరిగా రాకపోవడం, వానలు మొహం చాటేయడం తోడయ్యాయి. 1918లో మద్రాసు నగరంతో పాటు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల జనం ధాన్యం కొట్లను లూటీ చేశారు. ఒక్క చిత్రమైన లాభం నీలిమందుకు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చాక మన నీలిమందు సాగు కుప్పకూలింది. కడప వైపు తరతరాల పంట అది. యుద్ధంతో జర్మన్ రంగులు ఆగిపోయేసరికి ఈ దేశంలో నీలిమందు మళ్లీ కొన్నాళ్లు ఊపిరి పీల్చుకుంది, యుద్ధం అయిపోగానే మళ్లీ పడుకుంది.

చేతిలో ఉండే రూపాయి కూడా మారింది. అప్పటిదాకా రూపాయంటే వెండి నాణెమే. యుద్ధంలో వెండి ధర పెరిగి, నాణేలు కొట్టడానికి వెండి చాలక, 1917 నవంబరు 30న ప్రభుత్వం మొదటిసారి కాగితం రూపాయి అచ్చేసింది. మరుసటి ఏడాది రెండున్నర రూపాయల నోటు కూడా వచ్చింది. నిజాం ప్రభుత్వమూ 1918లో కరెన్సీ చట్టం చేసి తన సొంత రూపాయి అయిన హాలీ సిక్కా నోట్లు వేసింది. గలగలమనే వెండికి అలవాటుపడ్డ చేతికి కాగితం రూపాయి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చాలామంది వెండి దాచుకుని కాగితం ఖర్చుపెట్టారు, దాంతో వెండికి ఇంకా కరువు.

అంతలో 1918లో బొంబాయి రేవు నుంచి ఇన్‌ఫ్లుయెంజా దిగి, రైళ్ల వెంట దేశమంతా పాకింది. కనీసం 1.2 కోట్ల మంది చనిపోయారని అంచనా. జనాభా లెక్కల్లో 1911-21 దశాబ్దం ఒక్కదానిలోనే దేశ జనాభా తగ్గడం వెనక ప్రధాన కారణం ఇదే. యుద్ధంలో పోయినవాళ్లలో కొందరి పేర్లైనా ఇండియా గేట్ మీద చెక్కారు. దీనికి పోయినవాళ్లకు ఏ గేటూ లేదు.

ఇంత ఇచ్చినందుకు స్వపరిపాలన దిశగా ఏదో వస్తుందని నాయకులు ఆశపడ్డారు. గాంధీజీ 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమని చెప్పారు. ఎక్కువమంది చేరలేదు గానీ ఆయన ఆరోగ్యం పాడైంది. బదులుగా 1919 మార్చిలో వచ్చింది రౌలట్ చట్టం, విచారణ లేకుండా జైల్లో పెట్టే యుద్ధకాలపు అధికారాలను శాంతికాలానికి కూడా పొడిగిస్తూ. నెల తిరగకుండా జలియన్‌వాలాబాగ్. ఎక్కువమంది సైనికులను ఇచ్చిన పంజాబ్‌లోనే.

నిజాం, ఖలీఫా, నీలోఫర్

ఒట్టోమన్ సామ్రాజ్యం జర్మనీ పక్షాన చేరడంతో హైదరాబాద్‌కు ఇరకాటం వచ్చింది. టర్కీ సుల్తానే ఖలీఫా, అంటే ముస్లింలకు మతాధిపతి. ఆయన మీద యుద్ధమంటే ముస్లిం సైనికులు వెనకాడతారేమోనని ఇంగ్లిష్‌వాళ్ల బెంగ. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటన్ పక్షాన నిలవమని ముస్లింలకు పిలుపునిచ్చి, డబ్బూ సైన్యమూ ఇచ్చాడు. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫాను పట్టుకున్న అశ్వదళ బ్రిగేడ్‌లో జోధ్‌పూర్, మైసూరులతో పాటు హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. దాడికి ముందు నిలిచింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే. అదే ఏడాది నిజాంకు బ్రిటన్ 'నమ్మకమైన మిత్రుడు' అన్న బిరుదు ఇచ్చింది.

ఆ పాలస్తీనా విషయంలో బ్రిటన్ మాత్రం ఒకే నేలకు మూడు మాటలు ఇచ్చింది. అరబ్బులకు స్వతంత్ర రాజ్యం అంది, 1916లో ఫ్రాన్స్‌తో రహస్యంగా ఆ ప్రాంతాలన్నీ పంచుకుంది, 1917 నవంబరులో యూదులకు అక్కడ జాతీయ నివాసం అంది. మూడింటిలో ఏ రెండూ ఒకదానితో ఒకటి సరిగా పొసగవు. బాస్రా, బాగ్దాద్, మోసుల్ రాష్ట్రాలను కలిపి ఇరాక్ అన్నారు. ఇప్పుడు పశ్చిమాసియాలో రగులుతున్న సరిహద్దు గొడవల్లో చాలావాటి మొదలు ఆ మూడు నాలుగేళ్ల కాగితాల్లో దొరుకుతుంది.

ఖలీఫాను కాపాడాలని ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం నడుస్తుండగానే, 1924లో టర్కీ కొత్త ప్రభుత్వం ఖలీఫా పదవినే రద్దు చేసి, రాజకుటుంబాన్ని దేశం దాటించింది. చివరి ఖలీఫా ఫ్రాన్స్‌లోని నీస్‌లో తలదాచుకున్నాడు. ఆయనకు నెలనెలా భత్యం పంపినవాడు, ఆ సామ్రాజ్యం మీదికి గుర్రాలను పంపిన అదే నిజాం. 1931 నవంబరులో నీస్‌లోనే నిజాం పెద్ద కొడుక్కి ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌తో, రెండో కొడుక్కి అదే వంశపు అమ్మాయి నీలోఫర్‌తో నిఖా జరిగింది. యుద్ధం మధ్యలో 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టి, ఎనిమిదేళ్లకు దేశం వదిలిన పిల్ల ఆమె. నీలోఫర్ అనగానే ఇప్పుడు చాలామందికి చాయ్ గుర్తొస్తుందేమో గానీ, ఆ పేరు ముందు ఆసుపత్రిది. ప్రసవంలో తన పనిమనిషి చనిపోవడం చూసి తల్లీబిడ్డల కోసం ఆమె పట్టుబట్టిన ఆసుపత్రి, 1953 నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో నడుస్తూనే ఉంది.